దిగిపోయిన చేను

నాకు కోపం ఎక్కువ. భుయ్యాడీహ్‌లో మా బస్తీ మొత్తానికి తెలిసిన సంగతే కాబట్టి దాచి లాభం లేదు. అక్కడి ఉక్కు కార్ఖానాలో క్రేన్‌కి గొలుసులు తగిలించే ఖలాసీని నేను. అక్కడ ఎవరేం చెప్పినా వినేవాణ్ణి, వినకపోతే ప్రాణం పోతుంది కాబట్టి. మట్టి విషయంలో మాత్రం బ్రహ్మదేవుడొచ్చి చెప్పినా వినేవాణ్ణి కాదు. ఆమదాలవలస దగ్గర మా తాత, మా అయ్య, వాళ్ళ వెనకాల నేను, ముగ్గురం బంకమట్టి దున్నిన వాళ్ళం. పని వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చేదాకా, ఇరవయ్యేళ్ళ వరకూ నాగలి మేడి పట్టిన చేతులివి. పేరు సూర్యం, పని ఖలాసీ అయినా లోపల రైతుననే గీర ఒకటుండేది. ఆ గీరే నా కొంప ముంచింది.

ముందు మా పాప సంగతి చెప్పాలి. గౌరీదేవి అని పేరు పెట్టుకున్నాం, గౌరీ అని పిలిచేవాళ్ళం. డెబ్భై మూడు వానాకాలంలో మూడు రోజుల జ్వరంతో పోయింది. అప్పటికి పదకొండు నెలలు. మా వాళ్ళలో అంత చిన్నపిల్లల్ని కాల్చరు, పూడుస్తారు. తల్లిని వెంట తీసుకెళ్ళరు, చోటు కూడా చెప్పరు. చెబితే ఇల్లూ వాకిలీ వదిలేసి అక్కడే కూర్చుంటుందనీ, మళ్ళీ కడుపు పండదనీ పెద్దవాళ్ళ భయం. నేనూ, మా అక్క మొగుడు అసిరయ్య బావా కలిసి పాపని సువర్ణరేఖ ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళాం. వాళ్ళమ్మ పసుపు చీర సగానికి చింపి అందులో చుట్టి, రెల్లు గడ్డి మిట్టలో ఛాతీ లోతు గొయ్యి తీసి పూడ్చాం. ఎవరికీ చెప్పకూడదని బావ నా చేత ఒట్టేయించుకున్నాడు.

ఇంటికొచ్చాక నా భార్య పద్మకుమారి గుమ్మంలోనే అడిగింది, ఎక్కడ పెట్టారని. ఏట్లో వదిలేశాం, గంగమ్మ తీసుకుపోయింది అన్నాను. నమ్మింది. ఆనాటి నుంచి సోమవారం సోమవారం గ్లాసుడు పాలు పట్టుకెళ్ళి ఏట్లో పోసి వచ్చేది. ఆవిడ పాలు పోసే చోటికీ, పాప ఉన్న చోటికీ మధ్య వంద అడుగులు కూడా ఉండవు. అటు తిరిగి దణ్ణం పెట్టుకుంటూ, పాపకి వీపు పెట్టి నిలబడేది. ఆ తర్వాత మాకు పిల్లలు కలగలేదు.

మా ఇళ్ళ వరసకీ, ఏటికీ మధ్య ఉండేది ఆ మిట్ట. ఎకరన్నర ఉంటుందేమో, ఎవరిదీ కాదు. వానాకాలం ఏరు ఎంత పొంగినా అంత ఎత్తుకి రాదు. నిండా నిలువెత్తు రెల్లు. దసరా నాటికి తెల్లగా పూసి, గాలికి ఇటొకసారీ అటొకసారీ వాలేది. ఖాళీగా పడి ఉన్న నేలని చూస్తే నా చేతులు దురద పెట్టేవి. ఉదయం షిఫ్ట్‌లో రెండింటికల్లా పని అయిపోతుంది. ఆ పైన సాయంత్రం దాకా చెట్టు కింద పేకాడే జాతి కాదు మాది.

డెబ్భై ఎనిమిది ఏప్రిల్‌లో దిగాను రంగంలోకి. ఎడ్లబండి తోలే దేముడు మా పక్క వీధివాడు, బండి ఖాళీగా ఉన్నప్పుడు ఎడ్లనిచ్చాడు. సాక్చి బజారులో కమ్మరి చేత కర్రు కొట్టించాను. ముందు గడ్డి కోసి, తర్వాత గునపంతో దుబ్బులు పెకలించి, ఆ పైన నాగలి కట్టాను. రెల్లు వేళ్ళు మామూలువి కావు. ఒకటి పట్టుకుని లాగితే పది గజాల అవతల నేల కదిలేది. వాటినన్నిటినీ కుప్పలేసి తగలబెట్టాను, మా ఊళ్ళో తుంగని తగలబెట్టినట్టు.

అప్పుడొచ్చింది జోగమ్మ. ఇచ్ఛాపురం వైపు ముసలావిడ, ఆ మిట్ట మీద గడ్డి కోసి ఇళ్ళ కప్పులకీ, చీపుళ్ళకీ ఇచ్చి బతికేది. కొడవలి భుజాన వేసుకుని నిలబడి, మండుతున్న వేళ్ళని చాలాసేపు చూసింది.

"ఏటి నాయినా, ఏటి సేత్తన్నావు?"

"కనపడ్డం నేదేటి? దుక్కి దున్నుతన్నాను."

"ఇంత ఎండల్లోనా?"

"ఎండల్లోనే దున్నాల. మా వైపు అంతే. ఎండాకాలం యేసంగి దుక్కి పడితే గడ్డి వేరు మాడి సస్తాది, బెడ్డలు బాగా కాల్తాయి, తొలకరి నీరంతా నేలే తాగుతాది. నీకేటి తెలుసు?"

ఆవిడ వంగి, నాగలి చాలులోంచి గుప్పెడు తీసి నా ముందు వేళ్ళు విప్పింది. అంతా జారిపోయింది.

"ఏదీ బెడ్డ? మీ నేల వేరు నాయినా. ఇది బాలి, ఉత్త ఇసక. కొడవలెట్టి ఎంత కోసుకుంటావో కోసుకో. వేరు మాత్తరం తియ్యకు. ఆ వేళ్ళే దీన్ని పట్టుకున్నాయి."

"నీకు కోతకి గడ్డుండదనే కదా నీ ఏడుపు?" అన్నాను. అన్నమాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

"అలాగే అనుకో," అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పకముందే నాకు తెలియాల్సింది. మా ఊళ్ళో నాగలి పోతుంటే బంకమట్టి పెద్ద పెద్ద బెడ్డలుగా విరిగి పక్కకి పడేది, కాలు పెడితే గుచ్చుకునేది. ఇక్కడ చాలు నిలవనే లేదు. ఎడ్లు ముందుకి పోతుంటే నా వెనకాలే అది పూడుకుపోయేది. గడ్డి మొదట్లో వేలెడు మందాన నల్లటి పొర ఒకటుంది, ఏళ్ళ తరబడి ఆకూ వేరూ కుళ్ళి పేరుకున్నది. దాని కింద ఎంత తవ్వినా తెల్లటి ఇసకే. ఆ వేలెడు నలుపుని నేను ఇసకలో కలిపేసి, ఎంత మెత్తటి నేల, ఎద్దుకి బరువే లేదు అని మురిసిపోయాను.

పాప ఉన్న చోటు మాత్రం వదిలేశాను. అంత పాపిష్టివాణ్ణి కాదు. చాప పరిచినంత మేర గడ్డి అలాగే ఉంచి చుట్టూ దున్నాను. దేముడు అడిగాడు, అక్కడ నాగలి ఎందుకు తిప్పేశావని. ఏం చెప్పాలో తోచక, "పుట్టున్నాదిరా" అన్నాను. పాముపుట్ట అంటే మావాళ్ళెవరూ గునపం వెయ్యరు, కొడవలి వెయ్యరు. గొప్ప తెలివైన మాట అన్నాననుకున్నాను. సాయంత్రానికల్లా మా వీధి వీధంతా సూర్యం చేలో పుట్ట ఉందని తెలిసిపోయింది.

ఆ ఏడు వేరుశనగ బాగానే పండింది, అబద్ధమెందుకు. తట్టలతో మోసుకొచ్చాం. ఉడకబెట్టి వీధంతా పంచాను, కావాలని జోగమ్మకి రెండు దోసిళ్ళు ఎక్కువ పోశాను. ఆవిడ తీసుకుని, "మొదటేడు గడ్డి పెట్టిన తిండి ఇది. వచ్చేడు సూడు," అంది. ముసలిదాని కుళ్ళు అనుకుని నవ్వాను.

నాగుల చవితి వచ్చింది. మావైపు ఆడవాళ్ళకి ఆ పండగ ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. పద్మకుమారి తలంటుకుని, తడిచీరతో చలిమిడీ, చిమ్మిలీ, రెండు చెంబుల పాలూ పట్టుకుని బయల్దేరింది, మన చేలో పుట్ట ఉండగా వేరే చోటికెందుకు అంటూ. ఏమని ఆపుతాను? చేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. ఆవిడ ఆ గడ్డి చుట్టూ మూడుసార్లు తిరిగి, పసుపు చల్లి, మోకాళ్ళ మీద కూర్చుని పాలు పోస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ మొహం అదోలా ఉంది.

"మావా, ఆ పుట్టకి కన్నమే నేదు."

"గడ్డిలో ఎక్కడో ఉంటాదిలే."

"ఏమో. సెంబుడు పాలు పోసినాను. పోసినవి పోసినట్టే తాగేసినాది. సుక్క పైన నిలవనేదు. మళ్ళీ రెండో సెంబు పోసినాను, అదీ అంతే. ఎంతాకలి మీదున్నాదో పాపం."

ఇసక నీళ్ళని మింగుతుందని నాకు తెలుసు. వేరుశనగ తీశాక చల్లిన ఉలవ మొక్కలకి రోజూ డబ్బాలతో నీళ్ళు మోసి పోస్తుంటే చూస్తున్నదే, పోసిన గడియకల్లా పైన పొడి. అయినా ఆవిడ ఆ మాట అనేసరికి ఆ పూట అన్నం కంచం పక్కకి తోసేశాను.

అప్పటినుంచి పద్మకుమారి ఏటికి వెళ్ళడం మానేసి, సోమవారం పాలు పుట్టకే పొయ్యడం మొదలుపెట్టింది. గంటల తరబడి అక్కడ కూర్చుని వచ్చేది. ఐదేళ్ళుగా లేని నెమ్మది ఏదో ఆవిడ మొహంలోకి వచ్చింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది:

"అక్కడ కూకుంటే ఒళ్ళో ఎవరో తల పెట్టుకున్నట్టుంటాది మావా. నవ్వకు."

నేను నవ్వలేదు. ఆ క్షణమే చెప్పేసి ఉండాల్సింది. బావకి వేసిన ఒట్టు ఏమైపోతే నాకేం? కానీ చెప్పలేదు. నాకు కోపం ఉన్నంత ధైర్యం లేదు.

ఉలవలు సగం మొలిచాయి, మొలిచినవి పసుపెక్కాయి. దగ్గరికెళ్ళి చూస్తే ఆకులన్నీ చిల్లులు, పురుగు కొట్టలేదు, ఎగిరే ఇసక కొట్టింది. వేలెడు నలుపు ఎక్కడా కనబడలేదు, వెతికినా కనబడలేదు. బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగేవాడు. నాకు పట్టుదల వచ్చింది. నేల బిగుసుకుపోయి ఉంటుంది, ఇంకా లోతుగా దున్నాలి అనుకున్నాను. డెబ్భై తొమ్మిది మార్చి ఆఖర్లో మళ్ళీ ఎడ్లు కట్టి, అక్కడక్కడా మళ్ళీ చిగురేస్తున్న రెల్లుని కూడా వెతికి వెతికి పెరికేశాను.

ఏప్రిల్‌లో గాలి మొదలైంది. పెద్ద గాలి కాదు. పట్టపగలు, ఎండ నిప్పులు చెరుగుతుంటే, నేల మీద జానెడు ఎత్తులో మాత్రం ఇసక పాకుతూ పోయేది. పైన అంతా నిమ్మళంగా ఉండేది. చేలో నిలబడితే పాదాల దగ్గర సుర్రు సుర్రుమని చప్పుడు, చీలమండలకి సూదులు పొడిచినట్టు మంట. నడిచి వెనక్కి తిరిగి చూస్తే నా అడుగులు ఉండేవి కావు. నేనక్కడికి రానే లేదన్నట్టు ఉండేది.

ఆ రోజుల్లోనే పుట్ట పెరగడం మొదలుపెట్టింది.

మొదట నేనే చూశాను. చేనుతో సమానంగా ఉండాల్సిన గడ్డి మడి చీలమండ ఎత్తున లేచింది. వారం తిరిగేసరికి మోకాలెత్తు. చుట్టుపక్కల ఎక్కడా పచ్చ లేదు, ఏటి ఒడ్డు కూడా మాడిపోయి ఉంది. దాని నెత్తిన గడ్డి మాత్రం నవనవలాడుతోంది. వీధిలో పిల్లలు "సాంప్ కా ఘర్ బఢ్ రహా హై" అని, పాము ఇల్లు పెరుగుతోందని హిందీలో అరుచుకుంటూ మా ఇంటి ముందు నుంచే పరిగెత్తేవాళ్ళు. పెరిగే పుట్ట చూద్దామని బిష్టుపూర్ నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు. బంతిపూల దండలు వేశారు, పసుపు రాశారు, ఎవరో ఎర్రజెండా కూడా పాతారు. నా చేలో, నా పాప మీద.

పద్మకుమారి ప్రతి సోమవారం దాని పక్కన నిలబడి కొలిచేది. మోకాలి పైకి వచ్చింది అనేది. తొడ దాకా వచ్చింది అనేది. మే నెల మొదట్లో ఒకరోజు ఇంటికొచ్చి, చెయ్యి నడుం దగ్గర అడ్డంగా పెట్టి చూపించింది.

"ఇంత దాకా వచ్చినాది మావా. మన గౌరి బతికుంటే ఇప్పుడు ఇంతే ఉండును."

"నోర్ముయ్!" అని అరిచాను. కంచం కాలితో తన్నేశాను. పద్మకుమారి చెదిరిన మెతుకులు ఎత్తుతూ నా చేతుల వైపు చూసింది.

"నాను ఊరికే అన్నాను. నువ్వేల వణుకుతన్నావు?"

లేచి బయటికి నడిచాను. తిన్నగా చేనుకెళ్ళాను. చేను చుట్టూ కంచెకని మూరెడు లోతున పాతిన వెదురు గుంజలు ఒక్కొక్కటీ పడిపోయి ఉన్నాయి. ఇంకా నిలబడ్డ నాలుగైదింటికి వేలెడు కొస మాత్రమే ఇసకలో మిగిలింది. చెయ్యి పెట్టి కొలిచాను, చేను అంచుల్లోనే మూరెడు నేల పోయింది. నిజం తెలిశాక భయం పోవాలి కదా, నాకు అప్పుడే మొదలైంది.

జోగమ్మ ఏటి గట్టు మీద కూర్చుని ఉంది. కోసుకోవడానికి గడ్డి లేక, అలవాటు కొద్దీ వచ్చి కూర్చునేది.

"పుట్ట పెరగతా నేదు నాయినా," అంది, నేనడక్కుండానే. "నీ సేను దిగిపోతన్నాది. ఆ వేళ్ళున్న కాడ ఇసక నిలబడినాది. తక్కినదంతా గాలెత్తుకుపోతన్నాది."

మొదటిసారి ఆవిడ మీద నాకు కోపం రాలేదు. "ఇప్పుడేటి సెయ్యాల అత్తా?"

"ఏటి సేత్తావు? ఇప్పుడు దుబ్బు నాటినా బతకదు, వాన పడాల. పడినా రెల్లు అల్లుకోడానికి నాలుగైదేళ్ళు. నిలబడినది కూడా ఎన్నాళ్ళో నిలబడదు, గాలి పక్కల నించి కొరికేత్తన్నాది." గొంతు తగ్గించింది. "దాని కింద ఏటున్నాదో నాకెరికే. మీరిద్దరూ పసుపు మూట ఎత్తుకొచ్చిన్నాడు నాను అవతల గడ్డి కోత్తన్నాను."

"మరి ఆ మాట ముందే అనొచ్చు కదా!"

"అంటే నీ పెళ్ళాం సెవిలో పడతాదని అన్నేదు. తండ్రివి, నీకు తెలీదేటి అనుకున్నాను."

అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చాను. ముసలావిడ నా పక్కనే కూర్చుంది.

మర్నాటి నుంచి షిఫ్ట్ దిగగానే చేనుకే పోయేవాణ్ణి. కిరసనాయిలు డబ్బాలతో ఏటి నీళ్ళు మోసి పుట్ట చుట్టూ పోశాను. తడి ఉన్నంతసేపే నిలిచేది, ఎండకి ఆరగానే మళ్ళీ రాలేది. గోనె సంచులు కప్పి, అంచుల మీద కార్ఖానా కొలిమి పారబోసే చిట్టెం రాళ్ళు పెట్టాను. గాలి సంచుల కింద నుంచి దూరి ఇసకని లాగేసేది, రాళ్ళు దొర్లిపోయేవి. వీధిలో వాళ్ళు సూర్యానికి నాగదేవత మీద భక్తి కుదిరింది అనుకున్నారు. అసిరయ్య బావని పిలిచి చూపించాను. ఆయన మొహం పాలిపోయింది.

"తవ్వి తీసేసి ఇంకో కాడ పెట్టేద్దాంరా."

"ఆరేళ్ళయినాక ఏటి తీత్తాం బావా?"

పద్మకి చెప్పేయనా అని అడిగాను. ఒట్టు అన్నాడు. ఒట్టు పట్టుకుని ఆయన ఇంటికెళ్ళిపోయాడు.

మే ఇరవైల్లో ఒక శనివారం. రెండింటికి గేటు బయటికి వచ్చేసరికి వాయవ్యం మూల ఆకాశం ఇటుకరాయి రంగులో ఉంది. అక్కడి బెంగాలీలు కాలబైశాఖి అంటారు ఆ గాలివానని. వస్తే గంటలో పెంకులు లేపుకుపోతుంది. సైకిలు ఎంత వేగంగా తొక్కానో నాకే తెలియదు. తలుపు దగ్గరగా వేసి ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. చేను వైపు పరిగెత్తాను.

పద్మకుమారి పుట్ట దగ్గర కూర్చుని ఉంది. పడమటి పక్క ఇసక నిలువునా విరిగి పడింది. పైనుంచి రెల్లు వేళ్ళు జడ విప్పినట్టు వేలాడుతున్నాయి. వాటి మధ్య నుంచి గుడ్డ కొస ఒకటి బయటికొచ్చింది. రంగు దాదాపు పోయింది, అంచుకి ఎర్ర దారం కుట్టు మాత్రం మిగిలింది. ఆ కుట్టు ఆవిడ తన చేత్తో వేసుకున్నది. ఆవిడ దాన్ని లాగడం లేదు. రెండు వేళ్ళతో పట్టుకుని ఉంది, అంతే.

"ఇది నా సీర," అంది, నా వైపు చూడకుండా.

నేను దగ్గరికి వెళ్ళి ఆవిడ పక్కన వంగాను.

"ఏట్లో వదిలేసినానన్నావు."

"పద్మా..."

"పుట్టన్నావు. నా సేత దణ్ణం పెట్టించినావు. ఊళ్ళో వాళ్ళందరి సేతా నా పిల్ల మీద పసుపు పోయించినావు."

"పెద్దోళ్ళు సెప్పొద్దన్నారే. సెప్తే నువ్విక్కడే కూకుండిపోతావని..."

"కూకుందును! అయితే ఏటి?" అప్పుడు తిరిగింది నా వైపు. "నాను కూకుంటే ఈ నేలకేటయిపోను? గడ్డి గడ్డిలాగే ఉండును, నా పిల్ల నా పిల్లలాగే ఉండును. నువ్వు దున్నినావు. పిల్ల సుట్టూ దున్నినావు. ఒకసారి సాలక రెండుసార్లు దున్నినావు!"

కొట్టినా బాగుండేది. ఆ మాటల్లో ఒక్కటి కూడా తప్పు లేదు.

గాలి వచ్చేసింది. ముందు చప్పుడు వచ్చింది, ఎక్కడో గూడ్సుబండి వస్తున్నట్టు. తర్వాత మిట్ట అవతలి అంచు లేచి నిలబడింది. నేను దున్నిన చేను మొత్తం ఒక్కసారి గాల్లోకి లేచి మా మీదికి వచ్చింది. మూడు గంటల ఎండ దీపం ఆర్పినట్టు పోయింది. ఇంటికి పోదాం రావే అని ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాను. విదిలించుకుని పుట్టని రెండు చేతులా కౌగలించుకుంది. చీర కొంగు దాని మీద కప్పి, మీద వాలిపోయింది.

ఇక నేనూ అటు పక్క నుంచి పట్టుకున్నాను. నడుమెత్తు ఇసక దిబ్బని ఇద్దరం చెరో పక్కా మోకాళ్ళ మీద కూర్చుని వాటేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాం. నా వేళ్ళు ఆవిడ వేళ్ళకి తగులుతున్నాయి. చెవుల్లో, ముక్కులో, పళ్ళ మధ్య ఇసక. కాసేపటికి నా చేతుల మధ్య అది తగ్గుతున్నట్టు తెలిసింది. గట్టిగా పట్టుకున్న కొద్దీ సందుల్లోంచి జారిపోతోంది. నా ఛాతీకి ఆనుకున్నది పొట్ట దాకా దిగింది, పొట్టని వదిలి మోకాళ్ళ దగ్గరికి వచ్చింది. మీద గడ్డి ఒక్కసారి పక్కకి వాలి నా బుగ్గని రాసుకుంటూ ఎగిరిపోయింది. "ఓలమ్మా, పోతన్నాది, పట్టుకో, పట్టుకో!" అని పద్మకుమారి అరుస్తూనే ఉంది. ఏం పట్టుకోవాలో నాకు తెలియలేదు. ఆఖరికి మా ఇద్దరి చేతులూ ఒకరి భుజాలు ఒకరివి పట్టుకుని ఉన్నాయి, మధ్యలో ఏమీ లేదు.

చినుకు పడలేదు. గాలి ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా దాటిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే మిట్టంతా ఒకటే చదును, నిలవ నీటి మీద గాలి తోలినట్టు సన్నటి అలలు. ఎక్కడ నిలబడ్డామో కూడా ఆనవాలు లేదు. చీరముక్క లేదు, ఎముక లేదు, ఒక్క వేరు లేదు. చేతులతో తవ్వాను, గోళ్ళు విరిగేదాకా తవ్వాను. ఎక్కడ తవ్వినా ఒకటే ఇసక.

పద్మకుమారి ఏడవలేదు. లేచి గాలి పోయిన వైపు చూసింది. అటు మా ఇళ్ళున్నాయి. నాతో మాట్లాడకుండా నడిచింది, వెనకాల నేను.

ఇంటి తలుపు గాలికి తెరుచుకుపోయి ఉంది. లోపల మంచం మీద, పొయ్యి మీద, నీళ్ళ కుండ మూత మీద, దేవుడి పటాల ముందు, అంతా ఇసక. గుమ్మం దగ్గర దోసిలి లోతున పేరుకుంది. ఏదో ఒకటి చెయ్యాలి, ఊరికే నిలబడితే పిచ్చెక్కేట్టుంది. మూలనున్న చీపురు తీశాను.

"ముట్టుకోకు," అంది.

"ఇల్లంతా ఇసకే..."

"ఆరేళ్ళకి ఇంటికొచ్చినాది. సీపురెట్టి గెంటేత్తావా?"

చీపురు నా చేతిలోంచి జారి పడిపోయింది. పద్మకుమారి చేట తెచ్చి, గుమ్మం ముందు మోకాళ్ళ మీద వంగి, అరచేతులతో కొద్దికొద్దిగా ఎత్తడం మొదలుపెట్టింది. మంచం దులపనివ్వలేదు, దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని తనే చేటలోకి వంచింది. గది అయ్యేసరికి, ఎత్తినదంతా పోసిన ఖాళీ బియ్యం కుండ నిండిపోయింది. అప్పుడు లేచి, చేట చంకన పెట్టుకుని, పక్కింటికి వెళ్ళింది. వాళ్ళ ఇసక అడిగింది. వాళ్ళు తెల్లబోయి, మెదలకుండా ఇచ్చారు. ఆ పక్కింటికి వెళ్ళింది. నేను కుండలు మోస్తూ వెనకాల తిరిగాను.

దేముడి ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళావిడ కాంతం అప్పుడే ఇల్లు ఊడ్చేసి, నీళ్ళు కూడా జల్లేసింది.

"ఏ వైపు తుడిసినావు కాంతం?" అని పద్మకుమారి అడిగింది.

ఎందుకడుగుతోందో తెలియని ఆ పిల్ల చీపురు పుల్లలతో వీధిలోకి చూపించింది. సాయంత్రం పగటి షిఫ్ట్ వదిలే వేళ, సైకిళ్ళూ, రిక్షాలూ, మనుషులూ ఆ ఇసకని తొక్కుకుంటూ అటూ ఇటూ పోతున్నారు. పద్మకుమారి చేట పట్టుకుని రోడ్డు మధ్యకి వెళ్ళి వంగింది. నేను కుండ కింద పెట్టి, చేతులు రెండూ అడ్డంగా చాపి రిక్షాలని ఆపాను.